పాత కారుకు కొత్త మీటర్ల పలక: డాష్‌బోర్డు వెనుక చరిత్ర

మీ ఇంట్లో 1960 లేదా 1970 దశకపు అంబాసిడరో, ఫియటో, స్టాండర్డ్ హెరాల్డో ఉందనుకోండి. ఇంజను బాగానే నడుస్తోంది. కానీ స్టీరింగు ముందున్న మీటర్లలో ఒకటి కదలదు, ఒకటి వణుకుతుంది, ఇంకొకటి టాంకు నింపినా ఖాళీ అంటుంది. మెకానిక్ "పాతవి పీకేసి కొత్త బోర్డు పెట్టేద్దాం సార్" అంటాడు. ఇది చిన్న పనిగానే కనిపిస్తుంది. నిజానికి ఆ పలక మీద ఉన్న ఒక్కొక్క మీటరుకూ ఒక్కొక్క చరిత్ర ఉంది. ఒకటి గడియారాల దుకాణం నుంచి వచ్చింది, ఒకటి ఆవిరి యంత్రం నుంచి, మరొకటి భౌతికశాస్త్ర ప్రయోగశాల నుంచి. ఆ చరిత్ర తెలియకుండా బోర్డు మారిస్తే ముళ్లు కదులుతాయి గాని అవి చెప్పేది నిజం కాకపోవచ్చు. అందుకే ఈ వ్యాసంలో ముందు ఈ పరికరాలు ఎలా పుట్టాయో చూద్దాం. తరువాత కొత్త పలక చేసేటప్పుడు ఆ జ్ఞానం ఎక్కడెక్కడ పనికి వస్తుందో పరిశీలిద్దాం.

బురద పలక నుంచి మీటర్ల పలక

"డాష్‌బోర్డు" అనే మాట కారు కంటే పాతది. గుర్రపు బండిలో తోలేవాడి కాళ్ల ముందు ఒక చెక్కను గాని, తోలును గాని నిలువుగా బిగించేవారు. గుర్రపు డెక్కలు ఎగజిమ్మే బురద లోపల కూర్చున్నవారి మీద పడకుండా అది అడ్డుకునేది. తొలినాటి మోటారు బండ్లు గుర్రపు బండ్ల రూపంలోనే తయారయ్యాయి కాబట్టి ఆ పలక కూడా వాటితో వచ్చేసింది. గుర్రం పోయింది, పలక మిగిలింది. చేతికి అందే చోట, కంటికి ఎదురుగా ఉండటం వల్ల ఇంజనుకు సంబంధించిన పరికరాలను దానికే బిగించడం మొదలైంది.

గుర్రాన్ని నడిపేవాడికి మీటరు అవసరం లేదన్న సంగతి గమనించండి. గుర్రం అలసిపోతే నురగ కక్కుతుంది, నడక తగ్గిస్తుంది. ఇంజను అలా చెప్పదు. నూనె అయిపోయినా, నీళ్లు మరిగిపోయినా పాడయ్యేదాకా పరిగెత్తుతూనే ఉంటుంది. దానికి నోరు ఇవ్వడానికి పుట్టినవే మీటర్లు.

వేగం: చట్టం అడిగిన కొలత

దూరాన్ని కొలిచే బండి గురించి క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలోనే రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. అతడు వర్ణించిన బండిలో చక్రం 400 సార్లు తిరిగితే ఒక రోమన్ మైలు పూర్తయ్యేది. అప్పుడు ఒక గులకరాయి పెట్టెలో పడేది. ప్రయాణం ముగిశాక రాళ్లు లెక్కపెడితే దూరం తెలుస్తుంది. మీ కారులో కిలోమీటర్లు చూపే అంకెల చక్రాలు చేసేది కూడా ఇదే పని. అక్కడ గులకరాళ్లు, ఇక్కడ పళ్ల చక్రాలు.

వేగాన్ని కొలవడం వేరే సమస్య. వేగంలో దూరంతో పాటు కాలం కూడా ఉంది. ఈ అవసరాన్ని ముందుకు తెచ్చినవాటిలో చట్టం ఒకటి. బ్రిటన్‌లో 1865 నాటి చట్టం యంత్రంతో నడిచే బండ్లకు పల్లెల్లో గంటకు 4 మైళ్లు, పట్టణాల్లో 2 మైళ్లు మాత్రమే అనుమతించింది. 1896లో ఆ హద్దు 14 మైళ్లకు, 1903 చట్టంతో 20 మైళ్లకు పెరిగింది. హద్దు ఉన్నప్పుడు దాన్ని దాటామో లేదో బండి నడిపేవాడికి తెలియాలి కదా!

దీనికి జర్మనీకి చెందిన ఒట్టో షుల్జె 1902లో ఒక చక్కని పరిష్కారానికి పేటెంటు పొందాడు. దాని మూలం 1824 నాటి ప్రయోగంలో ఉంది. రాగి పళ్లెం తిరుగుతుంటే దానికి తగలకుండా పైన ఉన్న అయస్కాంత సూచి కూడా తిరగడం ఫ్రెంచి శాస్త్రవేత్త అరాగో గమనించాడు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. 1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాక చిక్కు విడింది. అయస్కాంతానికీ లోహానికీ మధ్య సాపేక్ష చలనం ఉంటే లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి. ఆ ప్రవాహాలు ఒక బలాన్ని కలిగిస్తాయి.

మీ స్పీడోమీటరులో జరిగేది ఇదే. గేరుబాక్సు నుంచి వచ్చే కేబులు ఒక చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానిని ఎక్కడా తాకకుండా ఒక అల్యూమినియం గిన్నె కప్పి ఉంటుంది. అయస్కాంతం ఎంత వేగంగా తిరిగితే గిన్నె మీద అంత ఎక్కువ మెలిక పడుతుంది. గిన్నెకు ముల్లు, ముల్లుకు వెంట్రుక లాంటి స్ప్రింగు ఉంటాయి. మెలిక, స్ప్రింగు సమానమైన చోట ముల్లు నిలుస్తుంది. వేగం రెట్టింపైతే ముల్లు తిరిగే కోణం కూడా రెట్టింపవుతుంది. ఈ సరళ సంబంధాన్ని గుర్తుపెట్టుకోండి. కొత్త డయల్ గీసేటప్పుడు అదే మనకు ఆధారం.

ఇంత సున్నితమైన స్ప్రింగులూ, పళ్ల చక్రాలూ చేయడం గడియారాల పనివారికి అలవాటైన విద్య. అందుకే లండన్‌లో గడియారాలు అమ్మే స్మిత్స్ సంస్థ 20వ శతాబ్దం ఆరంభంలో కారు మీటర్ల తయారీలోకి వచ్చి, తరువాత బ్రిటిష్ కార్లకు ప్రధాన సరఫరాదారు అయింది.

ఒత్తిడి, వేడి: ఆవిరి యంత్రం ఇచ్చిన వారసత్వం

ఇంజను ఆయిల్ ఒత్తిడిని చూపే మీటరు రైలింజనుకు బంధువు. ఆవిరి బాయిలర్లు పేలి మనుషులు చనిపోతున్న రోజుల్లో, 1849లో, పారిస్‌కు చెందిన యూజీన్ బోర్డాన్ ఒక ఒత్తిడి మాపకానికి పేటెంటు పొందాడు. చదునుగా నొక్కిన ఒక లోహపు గొట్టాన్ని కొడవలిలా వంచి, ఒక కొస మూసేయాలి. లోపల ఒత్తిడి పెరిగితే గొట్టం కొద్దిగా విచ్చుకుంటుంది. ఆ స్వల్ప కదలికను చిన్న పళ్ల చక్రాలు పెంచి ముల్లుకు అందిస్తాయి. అంతే! విద్యుత్తు అక్కర లేదు. నేటికీ గ్యాసు సిలిండర్ల రెగ్యులేటర్ల మీద, పంక్చరు షాపుల కంప్రెసర్ల మీద మీరు చూసే గుండ్రటి మీటర్లలో చాలావాటి లోపల ఉన్నది ఆ గొట్టమే.

వేడి చూపే పాత మీటరులో కూడా చాలాసార్లు ఇదే గొట్టం ఉంటుంది. ఇంజనులోకి దిగే బల్బులో ఈథర్ వంటి తేలికగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. నీళ్లు వేడెక్కితే ద్రవం ఆవిరై, సన్నని రాగి గొట్టం గుండా ఆ ఒత్తిడి మీటరులోని బోర్డాన్ గొట్టాన్ని చేరుతుంది. అంటే ఆ మీటరు ఉష్ణోగ్రతను నేరుగా కాక ఒత్తిడి రూపంలో చదువుతోంది. బల్బు, గొట్టం, మీటరు మూడూ కలిసి మూసివున్న ఒకే పాత్ర. పలక రంధ్రంలోంచి పట్టడం లేదని ఎవరైనా ఆ గొట్టాన్ని కత్తిరిస్తే ద్రవం పోతుంది, మీటరు పనికిరాకుండా పోతుంది. కత్తిరించి మళ్లీ అతికితే సరిపోయే వైరు కాదది.

విద్యుత్తు వచ్చాక

పెట్రోలు మీటరు కథ వేరు. టాంకు వెనుక ఉంటుంది, డ్రైవరు ముందు ఉంటాడు. మండే ద్రవాన్ని డ్రైవరు ముందుకు తేలేం. అందుకని టాంకులో తేలే ఒక బుడ్డి, దానికి కట్టిన ఒక నిరోధకం ద్వారా మట్టాన్ని విద్యుత్ నిరోధంగా మార్చి వైరు ద్వారా పంపారు. తొలి మీటర్లలో రెండు తీగచుట్టల మధ్య ఒక ఇనుప ముక్క కదిలేది. కారు కుదిపినప్పుడల్లా ముల్లు కూడా ఊగేది.

1960 దశకం నుంచి బ్రిటిష్ కార్లలో మరో పద్ధతి వ్యాపించింది. రెండు లోహాలు అతికించిన పట్టీకి తీగ చుట్టి, దాని గుండా ప్రవాహం పంపుతారు. వేడికి పట్టీ వంగుతుంది, ముల్లు కదులుతుంది. వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి పెట్రోలు ఎంత ఊగినా ముల్లు నిదానంగా ఉంటుంది. తాళం తిప్పగానే ముల్లు మెల్లమెల్లగా పైకి లేవడం మీరు చూసే ఉంటారు. కారణం ఇదే. ఈ మీటర్లకు బ్యాటరీ వోల్టేజి మారినా సగటున 10 వోల్టులే అందేలా ఒక చిన్న స్టెబిలైజరు ఉంటుంది.

అమ్మీటరు డైనమో కాలపు పరికరం. ఆ రోజుల్లో లూకాస్ సంస్థ సీ 40 రకం డైనమో ఇచ్చే గరిష్ఠ ప్రవాహం 22 ఆంపియర్లు. స్టార్టరు తప్ప మిగతా కారంతా వాడే ప్రవాహం అమ్మీటరు గుండా వెళ్లినా ఇబ్బంది లేదు. 1960 తరువాత డయోడ్లతో పనిచేసే ఆల్టర్నేటర్లు కార్లలోకి వచ్చాయి. వాటి ప్రవాహం అంతకంటే ఎంతో ఎక్కువ. అందుకే క్రమంగా అమ్మీటరు స్థానంలో వోల్టు మీటరు వచ్చింది.

మీటరు బదులు దీపం

అమెరికాలో 1930 దశకంలో హడ్సన్ కార్లలో కొన్ని మీటర్లను తీసేసి ఎర్ర దీపాలు పెట్టారు. దీపం చవక, చూడటం తేలిక. డ్రైవింగు కొద్దిమంది విద్యగా ఉన్నంత కాలం మీటర్లు నడిచాయి. అందరూ నడపడం మొదలుపెట్టాక దీపాలు పెరిగాయి.

ఈ మార్పులో మనం ఆలోచించవలసిన విషయం ఒకటుంది. మీటరు పరిస్థితి ఎటు పోతున్నదో చూపిస్తుంది. దీపం తీర్పు మాత్రమే చెబుతుంది. రోజూ 80 డిగ్రీల దగ్గర ఉండే ముల్లు ఈ వారం 90 దగ్గర ఉంటే, రేడియేటరు మూసుకుపోతోందని మీరు ముందే ఊహించవచ్చు. దీపం మాత్రం నీళ్లు మరిగాకే వెలుగుతుంది. పాత కారు యజమానులు అదనపు మీటర్లతో సొంత పలకలు చేయించుకోవడానికి అసలు కారణం ఇదే. 1959లో వచ్చిన మినీ కారులో మొదట మధ్యలో ఒక్క స్పీడోమీటరే ఉండేది. ఆ కారుకే పోటీల్లో పేరు తెచ్చిన కూపర్ రకంలో దానికి ఇరువైపులా ఆయిల్ ఒత్తిడి, నీటి ఉష్ణోగ్రత మీటర్లు చేర్చారు.

మన దేశంలో: మైలు నుంచి కిలోమీటరుకు

1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ బ్రిటిష్ మోరిస్ కార్ల ఆధారంగా కార్లు చేసింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నుంచి 1950 దశకం చివర్లో అంబాసిడర్ వచ్చింది. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో 2014 వరకు అది తయారైంది. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఇటలీ ఫియట్‌ను, మద్రాసులో స్టాండర్డ్ సంస్థ 1961 నుంచి హెరాల్డ్‌ను చేశాయి. ఇంతలో మన కొలతలే మారిపోయాయి. 1956 చట్టం మెట్రిక్ పద్ధతిని తెచ్చింది. 1960 దశకం మొదటి సంవత్సరాల్లో మైలు స్థానంలో కిలోమీటరు స్థిరపడింది. అందువల్ల ఆ సంధి కాలపు కార్లలో మైళ్ల డయల్ ఉన్నవీ, కిలోమీటర్ల డయల్ ఉన్నవీ రెండూ కనిపిస్తాయి.

ఆ కార్లు దశాబ్దాల తరబడి నడిచాయి. విజయవాడ ఆటోనగర్, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ కశ్మీరీ గేట్ వంటి చోట్ల మెకానిక్కులు దొరికిన మీటరును దొరికిన కారుకు అమర్చారు. కారును నడిపించి చూపిన నేర్పు అది. కానీ నేడు మీ చేతిలో ఉన్న కారు పలక మీద మూడు కాలాల మీటర్లు కలిసి ఉండవచ్చు. పని మొదలుపెట్టే ముందు దేనిది ఏ జాతో గుర్తించాలి.

కొత్త పలక చేయబోతే

మొదట పాత పలకను అలాగే విప్పి, ఫోటో తీసి, ప్రతి వైరుకూ చీటీ కట్టండి. బ్యాటరీ తీగ ముందే తీసేయాలి. అట్టముక్క మీద పలక ఆకారం గీసి, కారు అసలు మరల రంధ్రాలకే సరిపోయేలా కత్తిరించండి. అదనపు మీటర్లలో ఎక్కువగా దొరికేది 52 మిల్లీమీటర్ల వ్యాసం. అసలు డాష్‌బోర్డుకు కొత్త రంధ్రం వేయకుండా పని జరగాలి.

పలకకు అల్యూమినియం రేకు, టేకు పొర ఉన్న ప్లైవుడ్, యాక్రిలిక్ షీటు మూడూ పనికి వస్తాయి. అయితే ఒక తేడా ఉంది. పాత కార్లలో చాలా మీటర్లకు ఎర్త్ ఇనుప పలక ద్వారానే అందేది. చెక్క, యాక్రిలిక్ విద్యుత్ బంధకాలు. వాటికి బిగిస్తే ఎర్త్ తెగిపోతుంది. స్టెబిలైజరుకు ఎర్త్ అందకపోతే అది వోల్టేజిని నియంత్రించదు. అప్పుడు పెట్రోలు మీటరు, విద్యుత్ టెంపరేచర్ మీటరు రెండూ ఎక్కువ చూపిస్తాయి. సగం టాంకు ఉంటే ముప్పాతిక అని నమ్మి బయలుదేరుతారు. అందుకే ప్రతి మీటరు ఒంటికీ విడిగా ఎర్త్ వైరు ఇవ్వండి.

ఏ ధ్రువం ఎర్త్ అన్నదీ చూడాలి. 1930 దశకం మధ్య నుంచి 1960 దశకం వరకు చాలా బ్రిటిష్ కార్లలో ధన ధ్రువమే ఎర్త్. వేడితో వంగే పట్టీ మీటరుకు ప్రవాహం ఎటు పోయినా ఒకటే. ఎల్‌ఈడీ దీపాలకు, ఎలక్ట్రానిక్ మీటర్లకు మాత్రం తలకిందులుగా కలిపితే ముప్పు.

పెట్రోలు మీటరు, టాంకులోని బుడ్డి ఒకే జాతివి కావాలి. అమెరికన్ పద్ధతిలో ఖాళీ టాంకుకు 240 ఓములు, నిండు టాంకుకు 33 ఓములు. జర్మన్ వీడీవో పద్ధతిలో ఖాళీకి 10, నిండుకు 180. రెండూ ఎదురెదురు దిశల్లో ఉన్నాయి. ఒకదాని బుడ్డికి రెండోదాని మీటరు కలిపితే టాంకు ఖాళీ అవుతున్నకొద్దీ ముల్లు నిండు వైపు పోతుంది. బిగించాక బంకులో 5 లీటర్ల చొప్పున పోయించి, ముల్లు ఎక్కడ నిలిచిందో రాసుకుంటే మీ డయల్‌కు సరైన గీతలు వస్తాయి.

టెంపరేచర్ మీటరును బిగించకముందే బల్బును వేడినీళ్ల గిన్నెలో, పక్కనే ఒక ప్రయోగశాల థర్మామీటరుతో పరీక్షించండి. మరిగే నీరు 100 డిగ్రీలు అన్నది సముద్ర మట్టం దగ్గరి మాట. విశాఖపట్నం తీరంలో అది సరిపోతుంది. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది.

ఇక మైళ్ల స్పీడోమీటరుకు కిలోమీటర్ల డయల్ గీయడం. 80 మైళ్ల వరకు ముల్లు 240 డిగ్రీలు తిరుగుతుందనుకుందాం. అంటే మైలుకు 3 డిగ్రీలు. గంటకు 100 కిలోమీటర్లు అంటే 62.1 మైళ్లు. కాబట్టి ఆ గీత సుమారు 186 డిగ్రీల దగ్గర పడాలి. యంత్రాన్ని ముట్టుకోనవసరం లేదు. కానీ జాగ్రత్త! ముల్లు కిలోమీటర్లు చూపినా, కింద తిరిగే అంకెల చక్రాలు మైళ్లనే లెక్కపెడతాయి. వాటి పళ్ల లెక్క మారలేదు కదా. అంకెల కిటికీ పక్కన "మైళ్లు" అని తప్పక రాయండి. లేకపోతే 60,000 మైళ్లు తిరిగిన కారు 60,000 కిలోమీటర్లే తిరిగినట్టు కొనేవారు నమ్ముతారు. నిజానికి అది 96,500 కిలోమీటర్ల పైమాట.

చివరికి రోడ్డు మీద సరిచూడండి. ముల్లును 60 దగ్గర నిలిపితే రెండు కిలోమీటరు రాళ్ల మధ్య సరిగ్గా 60 సెకన్లు పట్టాలి. 40 దగ్గర అయితే 90 సెకన్లు. కాలం చూసే పని పక్కన కూర్చున్నవారికి అప్పగించండి. చక్రం చుట్టుకొలత 5 శాతం పెరిగిన కొత్త టైర్లు వేస్తే మీటరు అంత మేర తక్కువ చూపిస్తుంది.

ముట్టుకోకూడని డయల్

చీకటిలో వెలిగేందుకు 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో గడియారాల, విమానాల, కొన్ని కార్ల డయళ్ల మీద రేడియం కలిసిన రంగు వేశారు. అమెరికాలోని న్యూజెర్సీలో ఆ రంగు వేసిన యువతులు కుంచెను పెదవులతో మొన చేసేవారు. రేడియం ఎముకల్లో చేరి ఎందరో జబ్బుపడ్డారు, చనిపోయారు. వారిలో ఐదుగురు వేసిన దావా 1928లో పరిష్కారమైంది. పాత డయల్ ఇప్పుడు వెలగడం లేదు కాబట్టి ప్రమాదం పోయిందనుకోవద్దు. వెలుగునిచ్చే జింకు సల్ఫైడు మాత్రమే అరిగిపోయింది. రేడియం అర్ధజీవితం 1600 సంవత్సరాలు. పసుపుపచ్చగా, గోధుమరంగుగా మారిన గీతలున్న చాలా పాత డయల్‌ను గీకవద్దు, సాండ్‌పేపరు పెట్టవద్దు, ఊదవద్దు. అద్దం తీయకుండా పక్కన పెట్టి, పరీక్షించగలవారికి చూపించండి.

పాతదాన్ని ఏం చేయాలి?

స్పీడోమీటరు పనిచేస్తూ ఉండాలని మన దేశపు 1989 నాటి మోటారు వాహన నియమాలు కోరుతున్నాయి. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో వచ్చిన ప్రత్యేక నమోదు నియమాలు వాటి అసలు రూపానికి విలువ ఇస్తున్నాయి. కనుక మీరు చేసే పలక ఎప్పుడైనా విప్పి పాతది తిరిగి బిగించడానికి వీలుగా ఉండాలి. విప్పిన మీటర్లను గుడ్డలో చుట్టి, కారు నంబరు, విప్పిన తేదీ, ఆ రోజు అంకెల చక్రం మీదున్న సంఖ్య, అది మైళ్లో కిలోమీటర్లో ఒక కాగితం మీద రాసి వాటితో పాటే భద్రపరచండి. కొత్త మీటరు సున్నా నుంచి మొదలవుతుంది. ఆ కారు అంతకుముందు ఎంత తిరిగిందో చెప్పే సాక్ష్యం ఇక ఆ కాగితమే. కారును రేపు కొనేవారికి, మరమ్మతు చేసేవారికి దాన్ని కూడా ఇవ్వండి.